మైకులో చెప్పాల్సిన మాట

ముత్యాలమ్మ మూడో ప్లాట్‌ఫారం ఊడ్చి నాలుగో దానికి వచ్చేసరికి ఇల్లందు బస్సు దుమ్ము రేపుకుంటూ లోపలికి తిరిగింది. ఊడ్చిన చోటే మళ్లీ వేరుశెనగ పొట్టూ, తునికాకు ముక్కలూ రాలాయి. చీపురు చంకలో ఇరికించుకుని, బస్సు ఆగేదాకా ఆమె పక్కకు నిలబడింది. పొట్టి మనిషి. ఎడమ మోకాలు సరిగా వంగదు. అందుకని నడుం దగ్గరే పూర్తిగా వంగి, చీపురును నేలకు ఆనించి అర్ధచంద్రంలా తిప్పుతుంది. ఆమె వెళ్లాక సిమెంటు నేల మీద ఆ గీతలు కాసేపు కనబడతాయి. తరువాత జనం తొక్కేస్తారు.

ఖమ్మం నుంచి వచ్చే రోడ్డు అడవిలోకి దిగేముందు తగిలే ఆఖరి బస్టాండు అది. భర్త ఆంథోని బొగ్గు లారీలకు లోడింగు చేసేవాడు. దగ్గుతూ దగ్గుతూ అతను పోయేనాటికి కూతురు హెప్సిబా ఇంకా చిన్నబడిలోనే ఉంది. ఆ నెలలోనే ముత్యాలమ్మ కాంట్రాక్టరును బతిమాలి చీపురు పట్టింది. ఆ చీపురుతోనే కూతుర్ని పదో తరగతి గట్టెక్కించి, నేలకొండపల్లిలో ఇచ్చింది. ఇన్నేళ్లలో జనం బస్సుల్లో మరచిపోయిన గొడుగులూ, టిఫిను డబ్బాలూ, ఒకసారి పుస్తెలతాడూ ఆమె చేతికి దొరికాయి. దొరికింది దొరికినట్టే ఎంక్వైరీ కిటికీలో ఇచ్చి, మళ్లీ ఊడ్చుకోవడానికి పోయేది.

కిందటి నెల ఒక సంతనాడు ఒక ప్రయాణికురాలి సంచి పోయింది. ముత్యాలమ్మ ఆ బెంచీ కింద ఊడుస్తుండగా చూశామని ఎవరో అన్నారు. కంట్రోలర్ సుకుమార్ మైకు అందుకుని, స్వీపర్ ముత్యాలమ్మ తీసిన సంచితో వెంటనే ఆఫీసుకు రావాలని చెప్పాడు. మళ్లీ ఒకసారి చెప్పాడు. సంత బస్సులన్నీ స్టాండులోనే ఉన్న వేళ. ఆమె గుడ్డసంచిని అందరి ముందూ బోర్లించారు. సద్దిడబ్బా, తమలపాకులు, కాడ విరిగిన కళ్లజోడు నేల మీద పడ్డాయి. సాయంత్రానికి పోయిన సంచి చండ్రుగొండ బస్సులో సీటు కింద దొరికింది.

సుకుమార్ ఆమె చర్చివాడే. ఆదివారం ‘అక్కా’ అంటాడు, బస్టాండులో ‘ముత్యాలమ్మా’ అంటాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వచ్చి, గడపలో మోకరించి ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. టీ కాచి ఇచ్చింది. అక్కడితో అయిపోయిందని అతను అనుకున్నాడు. సంఘమూ అదే అనుకుంది.

కానీ మైకులో అన్న మాట ఆనాడే బస్సులెక్కి ఊళ్లకు పోయింది. నేలకొండపల్లిలో హెప్సిబా అత్తగారి చెవినా పడింది. ఏటా వేసవి సెలవులకు అమ్మమ్మ దగ్గరికి వచ్చే మనవరాలు స్తుతిని ఈసారి పంపలేదు. ఎందుకని ముత్యాలమ్మ ఎస్టీడీ బూత్ నుంచి అడిగితే, రిసీవరులో కూతురు ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది.

అప్పటినుంచి ముత్యాలమ్మ రోజూ పని మధ్యలో ఒకసారి ఎంక్వైరీ కిటికీ ముందు ప్రయాణికుల వరసలో నిలబడుతోంది. తన వంతు వచ్చినప్పుడు లోపలున్న సుకుమార్‌ను ఒకటే అడుగుతుంది.

“సారూ, నా సంగతి మైకుల ఎప్పుడు చెప్తరు?”

“ఇంట్ల మాట్లాడుకున్నం గద ముత్యాలమ్మా. మైకు ఉన్నది బస్సుల కోసం.”

“ఆ దినం గూడ బస్సుల కోసమే గద సారూ.”

వెనకున్నవాళ్లు విసుక్కుంటే పక్కకు జరిగి చీపురు అందుకునేది. గొడవ మానకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కాంట్రాక్టరు కబురు పంపాడు. ఆ మాట విన్న రోజున కూడా ఆమె వరసలో నిలబడింది.

ఈ రోజు మళ్లీ సంత. నాలుగో ప్లాట్‌ఫారం పూర్తిచేసి ఆమె హాతీరాం టీకొట్టు ముందు ఆగింది.

“ఏమవ్వా, నీ బస్సు ఇంక రాలే?” అన్నాడు హాతీరాం గ్లాసు అందిస్తూ. “ఈ స్టాండుల గింత లేటు బస్సు నేను సూడలే.”

“డ్రైవరు మంచోడే బిడ్డా. బండే స్టార్ట్ అయితలేదు.”

బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్లలో పాస్టరు బెంజమిన్ కూడా ఉన్నాడు. సంఘంలో ఒకాయనకు ఒంట్లో బాగాలేకపోతే చూడడానికి భద్రాచలం దవాఖానాకు బయలుదేరాడు. నవ్వు ఆపి, పక్కన చోటు చూపించాడు. ఆమె బెంచీ మీద కాక, ఎదురుగా దిమ్మె మీద కూర్చుంది.

“రేపు చర్చిల ప్రభు సంస్కారం ఉంది ముత్యాలమ్మా.”

“అవ్ అయ్యగారు.”

“సుకుమార్ రొట్టె తీసుకునేందుకు బల్ల దగ్గరికి రానంటుండు. నువ్వు రోజూ నలుగుట్ల గట్ల అడుగుతుంటే ఆయన ఏ మొఖంతోటి వస్తడు? క్షమించిన అంటివి. ఇగ ఇడిసిపెట్టరాదు?”

ముత్యాలమ్మ టీ ఊదుకుంది. తొందరగా మాట్లాడే మనిషి కాదు.

“క్షమించిన అయ్యగారు. ఆయన మా గడపల ఏడ్చిననాడే క్షమించిన. ఆయన మీద నాకు కోపం లేదు, వట్టు. కానీ బైబిల్ల పౌలుగారిని జైల్ల ఏసిన ముచ్చట మీరే చెప్పిండ్రు. పదిమందిల కొట్టిండ్రట. తెల్లారి చప్పుడుగాక ఎల్లిపొమ్మన్నరట. ఆయన ఎల్లలేదు. కొట్టిచ్చినోళ్లనే రమ్మనుండ్రి, వాళ్లే వచ్చి నన్ను బయటికి తోలుకపోవాలె అన్నడట.”

“ఆ ముక్క నేనే చెప్పిన్నా?”

“మీరే. ఆ వారం పెద్ద వాన, రేకుల చప్పుడుకు ఎనకోళ్లకు వినబడలే. నేను ముందల కూసున్న.” గ్లాసు పక్కన పెట్టింది. “మరి పౌలుగారికి క్షమించుడు రాకనా అయ్యగారు?”

ఆ కథలో ఖైదీల పాటల గురించీ, భూకంపం గురించీ పాస్టరు ఎన్నోసార్లు చెప్పాడు. తెల్లవారిన తరువాతి సంగతి దగ్గర తను ఎక్కువసేపు ఆగిన గుర్తు లేదు. భద్రాచలం బస్సు వచ్చింది. కండక్టరు కేకలు వేస్తున్నాడు. ఆయన ఆ బస్సు వంక చూశాడు. ముత్యాలమ్మ అప్పటికే మోకాలు పట్టుకుని లేచి, కిటికీ వరసలోకి నడుస్తోంది. ఆయన సంచి భుజానికి తగిలించుకుని, వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు.

వరస మెల్లగా కదిలింది. ఎంక్వైరీ కిటికీ రంధ్రం ఆమె నుదుటి ఎత్తున ఉంటుంది. వేళ్ల మీద లేచి నోరు దగ్గరికి తెచ్చింది.

“సారూ, నా సంగతి.”

సుకుమార్ తల ఎత్తాడు. ఆమె వెనక ఉన్న మనిషిని చూసి లేవబోయాడు. “అయ్యగారూ, మీకు లైనెందుకు? ఇటు రాండ్రి.”

“నాకు తొందర లేదు తమ్మీ. ముందల ఆమె ఉన్నది. ఆమెది కానియ్.”

సుకుమార్ గొంతు తగ్గించాడు. “మధ్యాహ్నం చెప్తలే ముత్యాలమ్మా.”

“మధ్యాహ్నం ఈడ కుక్కలు పండుకుంటయ్ సారూ. ఆ దినం చెప్పింది సంత బస్సులప్పుడు.”

“మేనేజర్‌కు తెలిస్తే నా నౌకరి ఉంటదా?”

“నన్ను గూడ తీసేస్త అన్నడు కాంట్రాక్టరు. భయం ఇద్దరికీ ఉన్నది. జెర ధైర్నం చెయ్యి తమ్ముడూ. బస్సు సంగతి చెప్పినట్టే చెప్పు, రెండు ముక్కలు.”

ఆ కిటికీ దగ్గర ఆమె అతన్ని తమ్ముడూ అనడం అదే మొదటిసారి. ఇక చెప్పాల్సింది లేదన్నట్టు మడమలు నేలకు ఆనించి, వరస తప్పుకుంది. సగం ఊడ్చిన ఐదో ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి నడుం వంచింది.

మైకు గరగరమంది.

“ప్రయాణికులకు మనవి. భద్రాచలం వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారంపై సిద్ధంగా ఉన్నది.” ఆ తరువాత వచ్చిన గొంతు బస్సుల పేర్లు చదివే గొంతు కాదు. “ఇంకో మనవి. పోయిన నెల సంతనాడు పోయిన సంచి బస్సుల సీటు కింద దొరికింది. ముత్యాలమ్మక్క తియ్యలే. తీసిందని గీ మైకుల చెప్పింది నేను, కంట్రోలర్ సుకుమార్. తప్పు నాది. నన్ను మన్నించాలె.”

అదే మాట మళ్లీ చెప్పాడు.

సంతకు వచ్చినవాళ్లు గంపలూ కోళ్లూ సర్దుకుంటూనే విన్నారు. హాతీరాం టీ వడపోస్తున్న చెయ్యి ఆపాడు. ముత్యాలమ్మ నడుం ఎత్తి, కొంగుతో ముఖం అంతా ఒకసారి తుడుచుకుంది. నేలకొండపల్లి బస్సు గంట కొట్టి కదిలింది. కిటికీల్లోంచి నలుగురైదుగురు ఆమె వైపు చూశారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె కూడా చూస్తూ నిలబడింది. తరువాత ఆ బస్సు ఆగినచోట పడ్డ చెత్త ఊడ్చింది.

పని దిగే ముందు, కూలిన కాంపౌండు గోడ దగ్గరినుంచి ఒక ఇటుక తెచ్చి ఎంక్వైరీ కిటికీ కింద పెట్టింది. కదలకుండా కాలితో అదిమి చూసింది.

“అదెందుకక్కా?” అన్నాడు సుకుమార్ లోపలినుంచి.

“నాలాంటి పొట్టోళ్లు శానమంది వస్తరు తమ్ముడూ. అడగాలంటే నోరు అందాలె గద.”

దసరా సెలవులకు స్తుతి వచ్చింది. ఆ పిల్ల ఇటుక ఎక్కి, భద్రాచలం బస్సు ఎప్పుడని ఊరికే అడిగి, కిందికి దూకి అమ్మమ్మ వెనక దాక్కుంది. మరుసటి ఏడు వానలకు ముత్యాలమ్మకు జ్వరం వచ్చి తగ్గలేదు. ఆమెను ఆంథోని సమాధి పక్కనే పెట్టారు. పెట్టె మోసినవాళ్లలో సుకుమార్ ముందున్నాడు.

బస్టాండులో ముత్యాలమ్మ పనిలోకి మంగమ్మ అనే ఆమె వచ్చింది. పొద్దున ఊడ్చేటప్పుడు ఆమె కిటికీ కింది ఇటుకను జరిపి, అక్కడి దుమ్ము తీసి, తిరిగి అక్కడే పెడుతుంది. అంచులు అరిగి, కాళ్లు ఆనే నడిమిభాగం నున్నబడి, ఆ ఇటుక ఇంకా ఎర్రగానే ఉంది.