కుండ మింగిన ఒత్తు

ఆదోనిలో ప్రొఫెసర్ వెంకోబారావు గారి పొద్దు పెంకుల స్నానంతో మొదలవుతుంది. తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్ని వరండాలో టబ్బులో వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాడు. తడి తగలగానే పెంకులు మాట్లాడతాయి. వీధి వీధంతటికీ అలవాటే.

"కాస్త మెల్లిగా మాట్లాడమనండి, కుక్కరు కూత వినపడ్డంలే!" అని భార్య ఇందిరాబాయి వంటింట్లోంచి కేకేస్తుంది.

ఆయన ప్రొఫెసరయిందే ఒక పెంకు పుణ్యాన. కుర్ర లెక్చరరుగా ఉన్నప్పుడు యెమ్మిగనూరు దిబ్బలో దొరికిన కుండమూతి, కడగ్గానే "యవనం" అంది. యవనులంటే పాత పుస్తకాల్లో గ్రీకులు. ఇంకేముంది! గ్రీకుల సారాయి ఓడలెక్కి యెమ్మిగనూరు దాకా వచ్చిందని మనవాడు ఊరూరా ఉపన్యాసాలు దంచాడు. కుండమూతి మాత్రం గాజు బీరువాలో ఎండిపోయి నోరు మూసుకుంది.

ఇప్పుడు దానికోసం ఆదోనిలో మ్యూజియం కడతారట. రిటైరయ్యాక ఈయనే దానికి పెద్ద. ఆ ఆశే లేకపోతే వచ్చే నెల నుంచి చేతికి కూరగాయల సంచీ తప్ప ఏమీ మిగలదు. పరీక్షించి నివేదిక ఇవ్వడానికి ఆయన పాత శిష్యురాలు దీపశ్రీ వచ్చి, కుండమూతిని టబ్బులో ముంచింది.

"యాడిదానివి అవ్వా?" అని అడిగింది.

"ఈడిదాన్నే తల్లీ. యెమ్మిగనూరు."

వెంకోబారావు టబ్బు మీదికి వంగాడు. "యవనం అంటివి కదా!"

"నువ్వు వయసెంతని అడిగితివి. యవ్వనంలో ఉండానని సెప్పబోతి. నీ గడ్డపార దెబ్బకు మూతి వాచిపోయుండె, ఒత్తు యాడ పలుకుతాదప్పా? మిగతాది వినకనే పరిగెత్తితివి."

ఒక్క ఒత్తు మీద కట్టిన బతుకు. ఆయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నేనేమీ వినలేదు సార్. ఏం రాయమంటారు?" అంది దీపశ్రీ మెల్లగా.

ఆయన టబ్బు పక్కన చతికిలబడ్డాడు. ఇన్నేళ్లలో అడగని మాట అప్పుడడిగాడు. "ఇంతకీ నీలో ఏం పోసేవాళ్లమ్మా?"

"గంజి నాయనా. నూలుకు పట్టించే గంజి. మా ఊర్లో మొదటి మగ్గానికి నా గంజే."

"అదే రాయి దీపా," అన్నాడు.

ఆదోని మ్యూజియం అక్కడికక్కడే ఆగిపోయింది. సంగతి యెమ్మిగనూరు చేరింది. వారం తిరక్కముందే నేతగాళ్ల తరఫున బసమ్మ ఆటో దిగింది.

"మా కుండ మాకియ్యండి సారూ. మగ్గాల పక్కన రూము ఖాళీ చేసినాం. తడిపి మాట్లాడించేదానికి మీరూ రావల్ల."

యవన పండితుణ్ణి ఇప్పుడక్కడ అందరూ గంజికుండ సారూ అని పిలుస్తారు. హాయిగా పలుకుతాడు. కాకపోతే, అవతలివాళ్లు మాట పూర్తిచేసేదాకా నోరు తెరవడు.