టింగు నడక ఎవరిది

ఆ సాయంత్రం రంగులక్క ఇంట్లో కుర్చీలు చాలక, లోపలి మంచం మీది పరుపు కూడా లాక్కొచ్చి హాల్లో పరిచారు. టీవీలో మాస్టారి మీద డాక్యుమెంటరీ వేస్తున్నారు మరి. కదిలే బొమ్మలంటే పరాయి దేశాల సరుకనుకునే రోజుల్లో, ఒక పాత గోడౌన్‌లో నలుగురిని కూర్చోబెట్టి మన భాష మాట్లాడే బొమ్మల్ని పుట్టించిన మనిషాయన. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పుట్టించిన టింగు అనే కొంగ మాత్రం ఇప్పటికీ పిల్లల బ్యాగుల మీదా నీళ్ల సీసాల మీదా దర్జాగా తిరుగుతూనే ఉంది.

రంగులక్క ఆ స్టూడియోలో రంగుల గదిలో పనిచేసింది. పారదర్శకంగా ఉండే పల్చటి షీట్ల మీద బొమ్మ గీసి పంపితే, వెనకవైపు నుంచి గీత దాటకుండా రంగు నింపడం ఆ గది పని. చేరేనాటికి పెళ్లికాని పిల్ల, మానేసేనాటికి గదికంతటికీ పెద్దదిక్కు. చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమకాలు సన్నబడిపోయింది. దాని గురించి ఆవిడ ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. కూర్చుని చేసే పని, చేతులు బంగారం, ఇంకేం కావాలి అనేది. మొగుడు కూడా ఆ స్టూడియోవాడే. వెదురుబద్దలా సన్నగా ఉంటాడని, పైగా బొమ్మలు గీసేవాడని అక్కడంతా ‘పెన్సిలు’ అని పిలిచేవాళ్లు. "ఆయన గీశారు, నేను రంగేశాను, సంసారం తయారైంది" అని రంగులక్క పెళ్లిళ్లలో పేరంటాల్లో చెప్పి నవ్వించేది.

రెండు నెలల కిందట డాక్యుమెంటరీ తీసే డైరెక్టరమ్మాయి వీళ్లింటికి వచ్చింది. వచ్చీ రాగానే "అమ్మా" అని చేతులు పట్టుకుంది. వంటింట్లోకి వచ్చి గిన్నెలు కూడా అందించింది. రంగులక్క కరిగిపోయి, ఎవరడిగినా చెప్పే తన కథ కెమెరా ముందు చెప్పింది. తర్వాత పాత స్టూడియోకి తీసుకెళ్లి, "ఒక్కసారి ఆ వరండాలో నడవండమ్మా, జ్ఞాపకాలు నెమరేసుకుంటున్నట్టు" అంటే నడిచింది. మళ్లీ నడవమంటే మళ్లీ నడిచింది.

అందుకే ఇవాళ ఇంటినిండా జనం. చెల్లెలు, చెల్లెలి కూతురు, స్టూడియోలో కెమెరా తిప్పిన పాత స్నేహితుడు, ఇరుగుపొరుగు. పెన్సిలు మాత్రం ఎవరికీ అడ్డం కాకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఆయనకి తలనొప్పిగానే ఉంది. "టీవీ మీ పెళ్లాన్ని మింగేస్తుందని భయమా బావగారూ?" అని మరదలు వేళాకోళం ఆడితే నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

కార్యక్రమం మొదలైంది. గోడౌన్ చూపించారు, మాస్టారి కళ్లజోడు చూపించారు. అంతలో రంగులక్క మొహం తెరనిండా వచ్చేసరికి హాలంతా ఈలలు. తెరమీది రంగులక్క పట్టుచీర సర్దుకుని చెబుతోంది:

"కొత్తగా చేరాన్నేను. అయినా ఆ నెలంతా ఎండిన షీట్లన్నీ నా చేతే తెప్పించుకునేవారు మాస్టారు. ప్యూను ఉన్నా సరే, ‘ఆ అమ్మాయినే పంపండి’ అనేవారు. వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎన్నిసార్లు తిరిగేదాన్నో! కాలు పీకేది. కానీ అంత పెద్దాయన నన్ను నమ్మాడు కదా అని, నొప్పి కూడా గర్వంగానే ఉండేది."

మాట పూర్తికాగానే తెర నలుపు తెలుపుల్లోకి మారింది. ఎప్పటిదో పాత ఇంటర్వ్యూ. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, హుషారుగా ఉన్నారు.

"కొంగకి నడక ఎంతకీ కుదరలేదండీ. మా రంగుల గదిలో ఓ పిల్ల ఉండేది, కాలు కాస్త అవిటి. ఏదో ఒక వంకన ఆ పిల్లని వరండాలో అటూ ఇటూ తిప్పేవాణ్ణి. తలుపు సందులోంచి చూసి మా కుర్రాడొకడు గీసేవాడు. దెబ్బతో టింగు లేచి నడిచింది! పాపం, ఆ పిల్లకి ఇప్పటికీ తెలీదు." అడిగేవాడూ ఆయనా కలిసి పడీ పడీ నవ్వారు.

ఆ వెంటనే తెర రెండు ముక్కలైంది. ఒకవైపు వరండాలో రంగులక్క, రెండోవైపు టింగు. కుడికాలు బుద్ధిగా పడుతోంది, ఎడమకాలు కాస్త వెనకబడి, నీళ్లు చిమ్ముతున్నట్టు పక్కకి విసురుగా వచ్చి చేరుతోంది, భుజం ఒరుగుతోంది. ఇద్దరికీ కలిపి ఒకటే డోలు వాయిద్యం.

"పెద్దమ్మా! టింగు నువ్వేనా!" చెల్లెలి కూతురు ఎగిరి గంతేసి చప్పట్లు కొట్టింది. చెల్లెలు సంతోషంతో కళ్లు తుడుచుకుంది. పక్కింటావిడ, "ఇంతకాలం గోడ పక్కనే ఉండి చెప్పలేదే! పిల్లలకి తెలిస్తే మీ ఇల్లు వదలరు" అంది. ఎక్కడెక్కడి చుట్టాల నుంచో వరసపెట్టి ఫోన్లు. అందరిదీ ఒకటే మాట, అదృష్టవంతురాలివని.

రంగులక్క తెరమీది కొంగ కాళ్లనే చూస్తోంది. ఆ కొంగ కాళ్లకి ఎన్ని వేలసార్లు పసుపురంగు వేసిందో. వేస్తూ గదిలో అందరితోపాటు తనూ నవ్వేది. నవ్వు ఎవరిమీదో ఇప్పుడు తెలిసింది. కెమెరా స్నేహితుడి వైపు చూసింది. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. అంటే ఆయనకీ తెలుసన్నమాట.

‘మా కుర్రాడొకడు’ అన్నారు మాస్టారు. మెల్లగా గోడవైపు తిరిగింది. పెన్సిలు తల దించుకుని, పరుపు అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు.

జనం వెళ్లేదాకా రంగులక్క అందరికీ కాఫీలిచ్చి, నవ్వుమొహంతోనే సాగనంపింది. తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"తలుపు సందులోంచి చూసింది మీరేనా?"

"మాస్టారు చెప్పారు. కొత్త ఉద్యోగం. కాదనలేకపోయాను."

"అది కాదు నేనడిగేది. పెళ్లయ్యాక చెప్పడానికి అడ్డేమొచ్చింది?"

"చెబితే బాధపడతావని..."

"పెళ్లికి ముందు?"

ఆయన వేలికి చుట్టుకున్న దారం విప్పుతూ అన్నాడు. "చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదేమో. కానీ అది నేను తేల్చుకోవాల్సిన సంగతి. మీరు తేల్చేశారు."

"మొదట్లో పనికోసమే చూశాను. నిజం. పని అయిపోయాక కూడా చూడకుండా ఉండలేకపోయాను. అదీ నిజమే."

ఇంకో రోజైతే ఆ మాటకి రంగులక్క పొంగిపోయేది. ఇప్పుడు మాత్రం, బొమ్మలు గీసేవాళ్లు ఏ నడకైనా ముందు తామే నడిచి చూసుకుంటారన్న సంగతి గుర్తొచ్చింది. వాళ్ల గదిలో నిలువుటద్దం ఉండేది అందుకే.

"నడిచి చూపించండి," అంది.

"ఏంటి?"

"స్టూడియోలో అందరి ముందూ నడిచే ఉంటారుగా. నన్ను నాకు చూపించండి."

వద్దన్నాడు. బతిమాలాడు. ఆవిడ కదల్లేదు. చివరికి లేచి, గోడ దగ్గర్నుంచి గుమ్మం దాకా నడిచాడు. మోకాళ్ల నొప్పులతో మామూలుగా నాలుగడుగులు వేయడానికే ఆపసోపాలు పడే మనిషి, ఆ నడక మాత్రం ఎక్కడా తడబడకుండా నడిచాడు. భుజం ఒరగాల్సిన చోట ఒరిగింది. కాలు విసరాల్సిన చోట విసిరాడు. ఇంత బాగా ఒంటబట్టాలంటే ఎన్నాళ్లు నడిచి ఉండాలి, ఎంతమంది నవ్వి ఉండాలి? రంగులక్క లేచి లోపలికెళ్లి గడియ వేసుకుంది. పరుపు హాల్లోనే ఉండిపోయింది కాబట్టి ఉత్త చెక్కమంచం మీదే పడుకుంది.

మర్నాడు డైరెక్టరమ్మాయికి ఫోన్ చేసింది.

"అమ్మా! జనం మీ గురించే మాట్లాడుకుంటున్నారు. ఎంత బాగా వచ్చిందో కదా!"

"నా దగ్గరికొచ్చేనాటికే నీకు ఆ పాత ఇంటర్వ్యూ సంగతి తెలుసా?"

"తెలుసమ్మా. ముందే చెబితే మీ మాటల్లో ఆ అమాయకత్వం పోతుందని..." అంది.

"ఆయనకి నా కాలు పనికొచ్చింది, నీకు నా అమాయకత్వం పనికొచ్చింది. నా మాటలు తీసేయ్."

"తీసేస్తానమ్మా, మీ ఇష్టం. కానీ మాస్టారి మాటలు తీయలేను, అవి ఛానల్ వాళ్లవి. అప్పుడు మీ గురించి ఆయన చెప్పింది ఒక్కటే మిగులుతుంది."

రంగులక్క ఆలోచించింది. తీసేయించుకుంటే తను ‘ఓ పిల్ల’గా మిగిలిపోతుంది. "అయితే కెమెరా పట్టుకుని రా. ఇంకో మాట చెప్పాలి," అంది. అమ్మాయి వచ్చింది. ఈసారి వంటింట్లోకి రానివ్వలేదు. పట్టుచీర కట్టలేదు. కెమెరాలోకి చూస్తూ చెప్పింది: "నన్ను అడిగి ఉంటే నడిచి చూపించేదాన్నేమో. అడగలేదు. నా ఇంట్లో మనిషి కూడా చెప్పలేదు. ఇది నాకు గౌరవంగా లేదు."

మళ్లీ ప్రసారం చేసినప్పుడు ఆ మాటలు చివర్లో వచ్చాయి. ఈసారి ఇంటికి ఎవరూ రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి, వేరే రకానివి. ఇంత పేరొస్తే ఈ ఏడుపేంటని ఒకరు, చనిపోయిన పెద్దాయన్ని బజారుకీడ్చిందని ఒకరు. చెల్లెలు కూడా, "బావగారి పరువు తీశావే అక్కా" అంది. పెన్సిలు మాత్రం పక్కగది గుమ్మం దగ్గర కూర్చుని మొత్తం చూశాడు. ఆ ఇంట్లో వంటా వార్పూ మామూలుగానే సాగుతున్నాయి. మందులు వేళకి అందుతున్నాయి. కబుర్లు మాత్రం బందైపోయాయి. ఆయన ఏదైనా మొదలుపెడితే ఆవిడ వింటుంది, జవాబివ్వదు.

ఆ వారం చివర్లో ఇంకో ఫోన్ వచ్చింది. ఎవరో తెలియని ఆడమనిషి, బ్యాంకులో పనిచేస్తుందట, ఛానల్ వాళ్లని అడిగి నంబరు తీసుకుందట.

"మీ మాటలు విన్నానండీ. నాదీ మీలాంటి కాలే. స్కూల్లో నాకు పేరే లేదు. టింగూ టింగూ అనేవాళ్లు. వరండాలో నడిస్తే నోటితో డోలు వాయించేవాళ్లు."

‘నాకేం తెలీదమ్మా’ అనబోయింది రంగులక్క. అలాంటి సాకులు ఈ మధ్య తను ఎంతమంది నోట విందో గుర్తొచ్చి ఆగిపోయింది.

"దానికి రంగేసింది నేనేనమ్మా. నేనూ నవ్వాను," అంది.

అవతలావిడ ఫోన్ పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు.

"మీ పేరేంటండీ?" అని అడిగింది అవతలావిడ. "టీవీలో అంతా రంగులక్క అనే అన్నారు."

రంగులక్క తన పేరు చెప్పింది. తర్వాత ఆవిడ పేరు అడిగి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.