తగిలేదాకా

"గాల్లో చేతులు తిప్పడానికి కూడా పరీక్షేమిటే? పాసైతే ఏమిస్తారు, కిరీటం పెడతారా?" అంది అత్తగారు, కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తున్న కోడలి వెనక నిలబడి.

"సర్టిఫికెట్టిస్తారత్తయ్యా. తాయ్ చీ టీచర్‌నని."

"నువ్వు చెప్పేదేంటి, వాళ్ళు నేర్చుకునేదేంటి! కాలర్ సరిగ్గా రుద్దు. నిన్న మడత పడిందని వాడు ఎంత బాధపడ్డాడో."

బాధపడ్డాడట! మడత పడిన చొక్కాని ఆమె మెడకి చుట్టి మెలిపెట్టి, ఊపిరాడక ఆమె చేతులు కొట్టుకుంటుంటే "ఇప్పుడు కనిపించిందా మడత?" అని అడగడాన్ని ఈ ఇంట్లో బాధపడటం అంటారు. అప్పుడు అత్తగారు పక్కగదిలోనే ఉంది. టీవీ సౌండు పెంచుకుంది. ఆమె ఇస్త్రీపెట్టెను కాలర్ మీద నొక్కి పట్టుకుని, ఇదే పెట్టెను ఆ చొక్కా తొడుక్కునే మనిషి మొహం మీద ఆనిస్తే ఎలా ఉంటుందో ఆలోచించింది. ముందు చర్మం ముడుచుకుంటుంది. తర్వాత వాసనొస్తుంది. ఈ ఆలోచన ఆమెకు కొత్తదేం కాదు, కూర తరుగుతున్నప్పుడూ వస్తుంది, మెట్లు దిగుతున్నప్పుడూ వస్తుంది. మొదట్లో తనని చూసి తనే హడలిపోయేది. ఇప్పుడు ఆ ఆలోచనను ఆలోచనగానే ఉండనిచ్చి, చొక్కా తిరగేసి చేతులు ఇస్త్రీ చేస్తుంది. పని ఆగితే ఊరుకునే ఇల్లు కాదది.

తాయ్ చీకి ఆమె వెళ్ళడానికి కారణం కూడా ఆమె భర్తే. ఆయన చెయ్యి మెలితిప్పితే భుజం కీలు జారింది. "మెట్లమీంచి పడ్డాను" అని చెప్పింది ఫిజియోథెరపీ డాక్టరుతో. కీలు సర్దించి, కొన్నాళ్ళు వ్యాయామాలు చేయించి, ఇక నెమ్మదిగా చేసే తాయ్ చీ అనే చైనా విద్య నేర్చుకోమని ఆ డాక్టరే పంపింది. ఇంట్లో ఒప్పుకున్నారంటే డాక్టరు మాట మీద గౌరవంతో కాదు, అందులోని నెమ్మదితనం ఆయనకు నవ్వు తెప్పించింది కాబట్టి. "మనిషిని నత్తని చేసే విద్య. నీకు సరిగ్గా సరిపోయింది" అన్నాడు. వెళ్ళగా వెళ్ళగా అదే ఆమెకు ఊపిరైంది. టీచర్ ట్రైనింగులో చేరింది. ఎదుటివాళ్ళు అద్దంలో చూసినట్టు అనుకరించడానికి వీలుగా కుడిని ఎడమగా చేసి చూపించడం, మోకాలు నొప్పి ఉన్నవాళ్ళని ఎంతవరకు వంగనివ్వాలో చెప్పడం, ఎవరినైనా సరిచేసేముందు "ముట్టుకోవచ్చా?" అని అడగడం నేర్చుకుంది. తన ఒంటిమీద చెయ్యి వేసేముందు అలా అడిగినవాళ్ళు ఎవరున్నారు?

క్లాసులో ఆమెకు 'మెరుపు' అని పేరు పెట్టారు. జంటగా చేసే సాధన ఒకటుంది. మణికట్టుకు మణికట్టు ఆనించి నిలబడాలి, ఒకరు తోస్తే రెండోవాళ్ళు ఆ బలాన్ని ఒంటితో విని, నడుం తిప్పి, పక్కకు దారి ఇవ్వాలి. ఆమెను మాత్రం ఎవరూ తొయ్యలేకపోయేవారు. చెయ్యి లేచిందో లేదో ఆమె అక్కడ ఉండేది కాదు. "అబ్బ, ఏం వేగం!" అని తోటివాళ్ళు చప్పట్లు కొట్టేవారు. నమూనా పరీక్షలో ట్రైనింగిచ్చే పెద్ద టీచరమ్మ మాత్రం ఆమెను ఫెయిల్ చేసింది. అందరూ వెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెయ్యి తగలకముందే తప్పుకుంటున్నావమ్మా. అది వినడం కాదు, పారిపోవడం. తగిలేదాకా ఆగితేనే ఎదుటివాడి బలం ఎటు పోతోందో తెలుస్తుంది. నీ ఎదురుగా నిలబడింది నేను. నువ్వు చూస్తున్నది ఎవర్ని?"

"అలవాటండీ" అంది ఆమె. పెద్ద టీచరమ్మ గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ రోజు నుంచి రోజూ క్లాసయ్యాక తనే ఎదురుగా నిలబడి, చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా ముందుకు తెచ్చేది. ఆమె పళ్ళు బిగపట్టి నిలబడేది. చెమటతో వీపు తడిసిపోయేది. తగిలేదాకా ఆగడం ఇంకా పూర్తిగా రాలేదు.

పరీక్ష పాసైతే క్లినిక్‌లో పెద్దవాళ్ళకు పొద్దుటి క్లాసు ఆమెకే ఇస్తానని డాక్టరు మాటిచ్చింది. తప్పితే మాత్రం ఇక గడప దాటడం ఉండదు. ఆ సంగతి ఆయన తేల్చేశాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ, "నేనూ వస్తున్నా. కుటుంబాలు రావచ్చన్నారటగా. అమ్మ కూడా వస్తుంది" అన్నాడు. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు! ఆయన గుండీలు పెట్టుకుని, దగ్గరకొచ్చి, జారిన భుజం మీదే చెయ్యి వేసి బొటనవేలితో కీలులోకి నొక్కాడు. కళ్ళ ముందు చీకటి కమ్మింది. "నా ముందు చేసి చూపించు, చూద్దాం" అన్నాడు, చాలా ప్రేమగా.

పరీక్ష హాల్లో నీలం చాపలు పరిచారు. గోడవారగా కుర్చీల్లో చుట్టాలు కూర్చున్నారు. ఆయన అప్పటికే పక్కవాళ్ళతో కలిసిపోయి జోకులు వేస్తున్నాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ, ఈయన వీధిలో పిల్లికూన, ఎవరైనా ఎత్తుకుని ముద్దు చేస్తారు. ఆమె భంగిమల వరస తప్పు లేకుండా చేసింది. చిన్న గుంపుకు పాఠం చెప్పింది. చివరిది మిగిలింది. తాయ్ చీ అంటే తెలియని ఒక మనిషిని కుర్చీల్లోంచి పిలవాలి. ఆ మనిషి మణికట్టు పట్టుకుని లాగుతాడు, అతనికి దెబ్బ తగలకుండా ఆ పట్టు విడిపించుకోవాలి, ఎలా విడిపించుకున్నదీ అందరికీ విడమర్చి చెప్పాలి. శిక్షణ ఉన్నవాళ్ళతో ఎవరైనా చేస్తారు, టీచరన్నవాళ్ళు ఏమీ తెలియనివాళ్ళతో చెయ్యాలని అక్కడి పద్ధతి.

పరీక్షకుడు కుర్చీల వైపు తిరిగేలోపే ఆయన లేచాడు. "నేనొస్తానండీ. మా ఆవిడే కదా!"

అందరూ నవ్వారు. పరీక్షకుడికీ సరదా వేసింది. "రండి సార్. కానీ గట్టిగా పట్టుకోవాలి మరి. ఇంట్లో పట్టుకున్నట్టు మురిపెంగా పట్టుకుంటే కుదరదు!"

మళ్ళీ నవ్వులు. అత్తగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూడగానే ఆమెలో ఏదో తెగింది. భయం పోలేదు, అది ఎక్కడికీ పోదు. కానీ దాన్ని మించిన కోపం అరికాళ్ళ నుంచి పైకొచ్చింది. ఇంతమంది ఆయన్ని మంచివాడంటున్నారు, ఆమె కూడా నోరు మూసుకుని అదే చెబుతూ వచ్చింది, ఇన్నేళ్ళూ, మెట్ల పేరూ తలుపు పేరూ చెప్పి.

"మీరు చెప్పక్కర్లేదండీ" అంది పరీక్షకుడితో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఇంట్లో పట్టుకున్నట్టే పట్టుకోండి."

ఆయన రెండు వేళ్ళతో, గాజుగ్లాసు పట్టుకున్నంత సున్నితంగా మణికట్టు పట్టుకున్నాడు. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూసి, నేర్చుకున్న టీచర్ గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.

"చూడండి, ఇది అసలు పట్టు కాదు. కొట్టేముందు పట్టుకునే పట్టు వేరేగా ఉంటుంది." పొడుగు చెయ్యి చొక్కాను మోచేతిదాకా పైకి లాగింది. చర్మం మీద నీలం, దాని కింద పచ్చబారిన పాత నీలం. ఆయన బొటనవేలు పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టింది. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. "బొటనవేలు ఇక్కడుంటుంది. మిగతా నాలుగూ కిందనుంచి. తర్వాత మెలితిప్పుతారు. ఏదీ, తిప్పండి."

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆయన మొహం మీది పిల్లికూన కూడా మాయమైంది.

"ఏమే, పదిమందిలో..." అని పళ్ళ మధ్య నుంచి అంటూ ఆయన నిజంగానే పట్టు బిగించి, మెలిపెట్టి, కిందికి లాగాడు. ఒళ్ళంతా పారిపో పారిపో అని అరిచింది. ఆమె పోలేదు. ఎముక మీద ఎముక నొక్కుకునేదాకా, ఆయన బరువంతా ముందరి కాలి మీదికి వచ్చేదాకా నిలబడింది. అప్పుడు నడుం తిప్పింది, అంతే. లాగిన లాగుడుకు ఆయనే ముందుకు తూలి, చాప మీద మోకాళ్ళ మీద పడ్డాడు.

లేస్తూనే కొట్టాడు. అరచేతితో కాదు, పిడికిలితో. ఇంట్లో అలవాటైన చెయ్యి, జనం ఉన్నారన్న సంగతి దానికి గుర్తులేదు. పెదవి చిట్లి నోట్లో రక్తం నిండింది. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తేసరికి నలుగురు మగవాళ్ళు వెనకనుంచి పట్టుకున్నారు. ఆయన వాళ్ళని కూడా తన్నాడు, కుర్చీలు కూలాయి. "వదలండ్రా, అది నా పెళ్ళాం!" అని అరిచాడు.

"పరువు తీశావు కదే పాపిష్టిదానా! వాణ్ణి రెచ్చగొట్టి కొట్టించుకున్నావు!" అని అత్తగారు గుండెలు బాదుకుంది.

"సౌండు పెంచుకోడానికి ఇక్కడ టీవీ లేదత్తయ్యా. అందరికీ వినిపించింది" అంది ఆమె.

పెద్ద టీచరమ్మ తడి గుడ్డ తెచ్చింది. "ముట్టుకోవచ్చా?" అని అడిగి, పెదవి తుడిచింది. పరీక్షకుడు మార్కుల కాగితం పట్టుకుని దగ్గరకొచ్చాడు. తను వేసిన జోకు ఇంకా అతని మొహంలోనే ఎక్కడో ఇరుక్కుపోయి ఉంది.

"ఎదుటి మనిషికి దెబ్బ తగలకూడదన్నది నియమం" అన్నాడు, ఎటో చూస్తూ. "ఆయనకేం తగల్లేదు. మీకే తగిలింది. మీరు పాసయ్యారమ్మా." కాగితం మీద సంతకం పెట్టి, "మరి... ఇంటికి ఎవరితో వెళ్తారు?" అని అడిగాడు.

ఆమె నోట్లోని రక్తం గుడ్డలో ఉమ్మి, మడిచి, భద్రంగా పట్టుకుంది.

"ఇంటికి కాదండీ, పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. సాక్ష్యానికి మీరూ రండి, అందరూ రండి. ఆయన నన్ను నలుగురి ముందు కొట్టడం ఇదే మొదటిసారి."