సీరియల్లో తిరిగొచ్చిన మొగుడు

తాళాలు బాగుచేసే ఆయనకి సీరియళ్లంటే ఒళ్లుమంటని వీధిలో అందరికీ తెలుసు. కొట్లో కూర్చుని తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తూ, వచ్చినవాళ్లందరి దగ్గరా అదే గోడు వెళ్లబోసుకునేవాడు. ఒక్క ముక్క చెప్పేస్తే తీరిపోయే గొడవని ఏళ్ల తరబడి సాగదీస్తారట. నిజం తెలిసిన మనిషి గుమ్మం దాకా వచ్చి, నోరు తెరవబోయి, ఉరుము ఉరిమితే వెనక్కి తిరిగిపోతాడట. "ఉరిమితే నోరు పడిపోతుందా?" అని అడిగేవాడు. ఇప్పటి సినిమాలైతే మరీనట. తెరమీద చప్పుడే తప్ప, ఇంటికొచ్చాక తలుచుకోవడానికి ఒక్క మాట ఉండదట. తాళం చేతికొచ్చేదాకా వినక తప్పదు గనక జనం తలలూపేవారు.

అంత గిట్టనివాడికీ చూడక తప్పేది కాదు. కొట్టు వెనకే ఇల్లు. ముందుగదిలో టీవీ, దానికెదురుగా అమ్మ. నాన్న పోయాక ఆవిడకి సాయంత్రాలు గడవడం కష్టమైంది. దేవుడి పటం ముందు కాసేపు కళ్లు మూసుకుని, ఆ తర్వాత వచ్చి సీరియల్ పెట్టుకునేది. కొడుకు తలుపు వారగా కుర్చీ లాక్కుని, చూడనట్టుగా చూసేవాడు.

ఆ వారం కథలో నాయిక మొగుడు తిరిగొచ్చాడు. కారుతో సహా లోయలో పడి బూడిదైపోయినవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం కూడా మారింది. పాత నటుడు మానేశాడు కాబోలు, డాక్టర్లు కొత్త ముఖం పెట్టారని సరిపెట్టేశారు. తాళాలాయన తల పట్టుకున్నాడు. అమ్మ మాత్రం రెప్ప వెయ్యలేదు.

మర్నాడు కోడలు మావగారి చెప్పులు ఎవరికైనా ఇచ్చేద్దామని సంచిలో పెడుతుంటే, అత్తగారు వద్దని వాటిని తీసి తలుపు పక్కన పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఆస్పత్రిలో ఆఖర్న ఆయన పక్కనున్నది నీ మొగుడే కదా, ఏం జరిగిందో వాడు సరిగ్గా చూశాడా అని అడిగింది. కోడలు తిన్నగా కొట్లోకి వెళ్లింది.

"ఏవండీ, మావయ్యగారు తిరిగొస్తారని అత్తయ్యగారు కాచుక్కూర్చున్నట్టున్నారు. ముందు ఆ సీరియల్ మాన్పించండి."

ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. అమ్మకి మతి తప్పిందేమోనన్నది ఒక భయమైతే, ఆవిడ అడిగిన ప్రశ్న అంతకంటే పెద్ద భయం. నాన్న పోయిన పొద్దున అమ్మ వేడినీళ్లకని ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే పోయాడమ్మా అని తను చెప్పాడు. అది నిజం కాదు. ఆ సంగతి తనకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

సాయంత్రం సీరియల్ పాట మొదలవుతుండగా టీవీ కట్టేశాడు.

"ఏరా, కరెంటు పోయిందా?"

తనే కట్టేశానని చెప్పి, చుట్టూ తిప్పి తిప్పి మాట్లాడాడు. పోయినవాళ్లు రారనీ, అది పైవాడి ఏర్పాటనీ, ఆ రాసేవాళ్లకి పాపభయం లేదనీ. ఆవిడ చివరిదాకా విని, నాకు పిచ్చెక్కిందనుకున్నారట్రా మొగుడూ పెళ్లాం అంది. నాన్న చెప్పులు కొడుక్కి సరిపోతాయని ఉంచిందట. వీడివి మడమ దగ్గర అరిగిపోయి ఎన్నాళ్లైందో చూసుకున్నాడా అని అడిగింది.

"మరి నేను సరిగ్గా చూశానా అని ఎందుకడిగావు?"

"ఆ సీరియల్ పిల్ల చూడు. చచ్చాడనుకున్న మొగుడు ఎదురుగా నిలబడితే కళ్లు తిరిగి పడిపోయింది. లేచి ఓ పాట పాడింది. ఎక్కడున్నావు, ఎవరు అన్నం పెట్టారు, నన్ను తలుచుకున్నావా, ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. రాసినవాడికి పెళ్లాం లేదనుకుంటా."

ఎన్నాళ్లుగానో తను చెబుతున్న లోపాలన్నిటికంటే ఇది పెద్ద లోపమని తాళాలాయనకి అనిపించింది. ఆ ఊపులో నోరు జారాడు.

"నువ్వైతే ఏమడుగుతావు?"

"నేను నీళ్లకని కిందికెళ్లానే, అప్పుడు నన్ను పిలిచారా అని."

నిద్రలోనే అని ఇంకోసారి అనేస్తే సరిపోయేది. పటంలోని దేవుడు అటే చూస్తున్నాడు.

"మెలకువ వచ్చిందమ్మా నాన్నకి. నువ్వేదని అడిగాడు. చెప్పాను. పాపం శ్రమపడి మెట్లెక్కి వస్తుంది, పిలవకు అన్నాడు."

ఆవిడ అడ్డంగా తలూపింది.

"అది ఆయన మాట కాదు. శ్రమట, పాపమట. నలభై ఏళ్ల కాపురంలో నన్నెప్పుడన్నా అంత మర్యాదగా అన్నారా? సీరియల్ డైలాగులా ఉంది."

తాళాలాయన తల దించుకున్నాడు.

"ఆ ముసల్ది ఎక్కడికి పోయింది అన్నాడు. నీళ్లకెళ్లిందంటే, పిలవకురా, రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చి మెట్లమీద కూలబడుతుంది, అప్పుడు నా మంచం దానికివ్వాలి అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు."

నవ్వో ఏడుపో తేలకముందే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదీ ఆయన," అంది చివరికి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"ఎందుకు పిలవలేదంటావని."

"అంటున్నా కదా."

"నాన్న వద్దన్నాడమ్మా."

"పుట్టి బుద్ధెరిగి ఆయన మాట ఒక్కటీ వినలేదు. అదొక్కటీ విన్నావా?"

నాన్న కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ మళ్లీ చెప్పమంది. కొడుకు కుర్చీని అమ్మ దగ్గరికి జరుపుకుని, ఈసారి ఏదీ దిద్దకుండా చెప్పాడు.