ఆవిరి పెట్టె విన్న మాట

నేను ఒక ఆవిరి పెట్టెను. పేరు విని పెద్ద యంత్రమేదో అనుకునేరు. మద్దిచెక్కతో చేసిన నిలువు పెట్టెని, అంతే. లోపల కూర్చోవడానికి పీట, ముందు రెండు తలుపులు, పైన మెడ పట్టేంత కంత. మనిషి లోపల కూర్చుంటే తల ఒక్కటే బయట ఉంటుంది. వెనక పొయ్యి మీద నీళ్లు మరిగించి, రబ్బరు గొట్టంతో ఆవిరి లోపలికి వదులుతారు. ఇడ్లీలు ఉడికినట్టే మీరూ ఉడుకుతారు. ఇడ్లీలు నోరు మూసుకుని ఉడుకుతాయి, మీరు కబుర్లు చెబుతూ ఉడుకుతారు, అదే తేడా.

విజయనగరంలో అప్పలాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. కంతకి కొలత కావాలంటే తన మెడే చూసుకున్నాడు మహానుభావుడు. ఆయనది ఎద్దు మెడ. బక్కపలచని వాళ్లు కూర్చుంటే చుట్టూ తువ్వాలు కుక్కాల్సి వచ్చేది. గడియ మాత్రం బయట పెట్టాడు. "నోపల పెడితే సగంలో పారిపోతారు బాబూ" అన్నాడు. నన్ను చేయించిన ప్రకృతి వైద్యుడు విశ్వనాథం గారు నవ్వి ఊరుకున్నారు.

ఆయన వైద్యశాలలో నా కాలం హాయిగా గడిచింది. నన్ను చూసుకునే మనిషి సూరమ్మ. వచ్చినవాళ్ల చేత ముందు చెంబెడు నీళ్లు తాగించేది. నెత్తిన తడిగుడ్డ వేసేది. ఆ తర్వాతే తలుపు మూసేది. తహసీల్దారు గారు ఊరందరినీ నిలబెట్టి మాట్లాడే మనిషి, నా లోపల కూర్చున్నాక ముక్కు దురద పెడితే "సూరమ్మా, కాస్త గోకవే తల్లీ" అని బతిమాలేవారు. చేతులు లోపల ఉంటే హోదా ఏం చేస్తుంది? మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు వచ్చేవారు. చెమట కారే కొద్దీ వాళ్ల భుజాలు దిగేవి, నడుములు వదులయ్యేవి. బయటికొచ్చి చన్నీళ్లు పోసుకుని, వరండాలో తేనె కలిపిన నిమ్మరసం తాగుతూ కోడళ్లని కూడా క్షమించేసేవారు. ఆ రాత్రి కంటి నిండా నిద్ర పట్టిందని మర్నాడు చెబితే నాకు కడుపు నిండినట్టుండేది.

అక్కడ ఒకటే కట్టుబాటు. లోపలి మనిషి "చాలు" అంటే తలుపు తీసేయాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు.

విశ్వనాథం గారు పోయాక వైద్యశాల మూతపడింది. సామానంతా అమ్మేశారు. నన్ను తవిటినాయుడు కొన్నాడు. ఊరి చివర రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పే మనిషి. అందులో ఒకమ్మాయి అతని అక్క కూతురు పైడితల్లి. తండ్రి లేని పిల్ల. మేనమామే పెంచాడు, తను తినే గుడ్డు కూడా దాని కంచంలోనే వేశాడు. ఆ పిల్ల ఇనుప కడ్డీ తలపైకెత్తి నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టేవారు.

రాష్ట్ర జట్టుకి ఎంపిక మర్నాడనగా పైడి తన బరువు తరగతికి కాస్త ఎక్కువ తూగింది. పైతరగతిలో దిట్టమైన పిల్లలున్నారు, అక్కడ నిలవలేదు. జట్టులోకి వస్తే రైల్వేలో ఉద్యోగం ఖాయమని అందరూ అంటున్నారు. తవిటినాయుడు నా తలుపులు తెరిచాడు.

నీళ్లు తాగించలేదు. తాగితే బరువు పెరుగుతుందట. నెత్తిన తడిగుడ్డ వేయలేదు. పొద్దుటి నుంచి పిల్ల పచ్చి మంచినీళ్లు ముట్టలేదని ఆమె వీపు నాకు ఆనగానే తెలిసింది. నాకు తెలిసి ఎవరికి లాభం?

చెమట పట్టింది. అతను ఎదురుగా స్టూలు వేసుకుని, కొత్త తువ్వాలుతో ఆమె ముఖం తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన ప్రతిసారీ అతని ముఖం వెలిగేది.

"సాలు మావయ్యా" అంది పైడి.

"కుసింతసేపు ఓర్సుకో తల్లీ. రేపీపాటికి నువ్వేటో ఊరంతా సూస్తాది."

కాసేపటికి మళ్లీ అంది. "సాలు మావయ్యా, కళ్లు తిరుగుతన్నాయి."

"అయిపోనాదమ్మా, అయిపోనాది."

మూడోసారి ఆమె అనలేదు. చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, కంత బయట ముఖం పొడిగా ఉంది. ఇలా చెమట ఆగితే సూరమ్మ పరుగెత్తుకొచ్చి తలుపు లాగేసేది. తవిటినాయుడు ఆరిన ముఖం చూసి సంబరపడ్డాడు. ఒంట్లో ఎక్కువైన నీరంతా దిగిపోయింది, ఇక కారడానికేమీ మిగల్లేదు అనుకున్నాడు. "అదీ నా బంగారం!" అంటూ లేచి కాటా తుడవడానికి వెళ్లాడు.

నా పలకకి ఆనిన ఆమె గుండె గబగబా కొట్టుకుంది, తర్వాత తడబడింది. నేను చెక్కని. ఒక్క మేకు ఊడినా బాగుండును, ఒక్క పలక పగిలినా బాగుండును అనుకున్నాను. అప్పలాచారి పని గట్టిది, ఏదీ కదల్లేదు. నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. ఏడవడానికి కూడా నా దగ్గరున్నది ఆవిరే. అది ఆ పిల్లనే కాల్చింది.

తల పక్కకి వాలడం చూసి అతను కేక పెట్టాడు. గడియ లాగి, ఆమెను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

పైడి బతికింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఇక బరువులు ముట్టవద్దని పెద్దాసుపత్రి వైద్యులు చెప్పారట. పంట కోతలయ్యాక ఒక ఉదయం షెడ్డుకి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. అప్పటికి తవిటినాయుడు గొడ్డలి పట్టుకుని నా ముందు నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయింది, కళ్లు వాచిపోయాయి.

"ఈ పాపిష్టి పెట్టె నిన్ను తినేసినాది. దీన్ని ముక్కలు సేసి పొయ్యిలో ఎడతాను" అని గొడ్డలి ఎత్తాడు.

కొట్టనీ అనుకున్నాను. నాకు అదే న్యాయంగా తోచింది.

పైడి కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు.

"దాన్నేటి కొడతావు మావయ్యా? సాలని నాను సెప్పింది నీతోటి."

గొడ్డలి దిగిపోయింది. అతను అక్కడే నేల మీద కూలబడి, తల నా తలుపుకి ఆనించుకున్నాడు. అతని ఒళ్లు వణుకుతోంటే నా పలకలు కూడా వణికాయి. ఓదార్చడం నాకు చేతకాదు. ఇప్పుడు ఈ షెడ్డు మూల దుమ్ము పట్టి ఉన్నాను. ఎవరూ ముట్టరు, ఎవరూ కొట్టరు. ఆ పిల్ల "సాలు" అన్న మాట నేనూ రెండుసార్లూ విన్నాను.