వేడినీళ్ళలో నానబెట్టిన చొక్కా

మా ఇంట్లో దుమ్ముకి చోటు లేదు. కర్టెన్లు పీకేశాను. తివాచీ పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. పరుపుకి జిప్పు కవరు తొడిగాను. దుప్పట్లు వారం వారం వేడివేడి నీళ్ళలో ఉతుకుతాను, నేల తడిగుడ్డతో తుడుస్తాను. ఇంత చేసినా తెల్లవారేసరికి నా కూతురికి ఆయాసమే. ఛాతీలో ఒకటే ఈల. "ఇంకేం చెయ్యమంటారు? నన్ను కూడా ఉతికి ఆరేసుకోమంటారా?" అని డాక్టరమ్మ మీద ఒంటికాలి మీద లేచాను.

ఆవిడేమీ నొచ్చుకోలేదు. "పిల్ల పక్కలో ఇంకేమన్నా ఉందేమో చూడండి," అంది.

"చూడ్డానికేముంది, రోజూ పక్క వేసేది నేనేగా!" అని విసురుగా వచ్చేశాను. ఇంటికొచ్చి దిండు గలీబు తిరగేస్తే లోపల మా ఆయన పని చొక్కా ఉంది.

మా ఆయన వడ్రంగి. పోయిన వర్షాకాలంలో పనిచేసే చోటే గుండె ఆగి పోయాడు. అక్కడ మేకుకి వేలాడుతున్న ఆ చొక్కాని, మాతోనే ఉంటున్న ఆయన అక్క, మా వదిన, తెచ్చి బీరువాలో పెట్టింది. పిల్ల దాన్ని ఎప్పుడు తీసిందో, గలీబులు ఉతికే రోజు ఎక్కడ దాచేదో దేవుడికే తెలియాలి. దులిపితే రంపపు పొట్టు రాలింది. మడతల్లో, జేబుల్లో, కుట్ల సందుల్లో అంతా పొట్టే.

"ఎందుకే ఇది ఇక్కడ?"

"నాన్న వాసన వస్తుంది," అంది పిట్ట. ఆ ముద్దుపేరు కూడా ఆయన పెట్టిందే.

నాకు ఏ వాసనా రాదు. సైనస్ నా ముక్కుని ఎప్పుడో మింగేసింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడుక్కుంటాను, స్ప్రే కొట్టుకుంటాను. తలనొప్పి తగ్గుతుంది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా నేను పక్కనే కూర్చుని కూనిరాగాలు తీస్తుంటే, "నీ ముక్కు కళ్ళజోడు ఆనించడానికి తప్ప ఎందుకూ పనికిరాదే!" అని ఆయన పగలబడి నవ్వేవాడు. నేను గరిటె పుచ్చుకుని వెంటపడేదాన్ని.

చొక్కాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి బిగించి కట్టి, బీరువా పైకి ఎక్కించాను. "ముట్టుకున్నావో, చూడు నిన్నేం చేస్తానో," అన్నాను. పిట్ట బుద్ధిగా తలూపింది. అచ్చం తండ్రి పోలికే, తలూపడం వేరు, చేసేది వేరు. కొన్నాళ్ళు ఊపిరి హాయిగానే ఆడింది. ఒక మధ్యాహ్నం కుర్చీ ఎక్కి కవరు విప్పి, చొక్కాలో మొహం పెట్టుకుని పడుకుంది.

నేను చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. మాట రావడం లేదు. స్పేసర్ గొట్టం మూతికి పెట్టి ఇన్‌హేలర్ నొక్కాను. వదిన వీధిలోకి పరుగెత్తి బండి పిలిచింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నా పిల్ల నాకు దక్కింది.

ఇంటికి తెచ్చుకున్నాక బకెట్టులో మరిగిన నీళ్ళు పోశాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పోనీ నా పెట్టెలో దాస్తాను, తాళం వేసుకుంటాను. ఉతికేస్తే తమ్ముడు మొత్తానికే పోతాడు."

"నీ పెట్టె ఎంత దూరం వదినా? పక్క గదేగా. అది తాళంచెవి వెతకదంటావా?"

వదిన చెయ్యి వదిలేసింది.

ముంచే ముందు చొక్కాని మొహానికి అదుముకుని గట్టిగా పీల్చాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రాకూడదా అనుకున్నాను. ఏమీ రాలేదు. ఆ మనిషిది ఇంకా ఇంత మిగిలి ఉంటే, అది అందరికీ అందింది, నాకు తప్ప. సొంత కూతురి మీద కుళ్ళు పుట్టింది నాకు.

పిట్ట గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఎలా ఉంటుందే?" అని అడిగాను.

"చెక్క. జిగురు. చెమట. ఇంకా... సైకిల్ మీద నాన్న ముందు కూర్చుంటే వచ్చేది."

ముంచేశాను. పొట్టు పైకి తేలింది, నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. పారబోసి మళ్ళీ ముంచాను. పిల్ల ఏడవలేదు. నేనే నోటికొచ్చినట్టు తిట్టాను, సబ్బుని, బకెట్టుని, చెప్పాపెట్టకుండా పోయిన ఆ మనిషిని. తిడుతూనే ఏడ్చాను.

మర్నాటికి ఆరింది. మడతపెట్టి పిట్టకి ఇచ్చాను. "ఇక పక్కలో పెట్టుకో, ఏం కాదు."

అది ముక్కు దగ్గర పెట్టుకుంది. కాలరు, చంకలు, జేబు, అన్నిచోట్లా వెతికింది. తర్వాత మడత చెదరకుండా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వే ఉంచుకో అమ్మా. నీకెలాగూ తేడా తెలీదుగా."

కోపంగా అనలేదు. ఉన్నమాటే అంది. ఆ రాత్రి దాని ఛాతీలో ఈల లేదు. పక్కనే నేను ఆ చొక్కా మొహం మీద కప్పుకుని పడుకున్నాను. నాకు నిజంగానే తేడా తెలియలేదు.