నాబు చివరి ఊరు

చిత్రావతి పొంగి బాగేపల్లి దగ్గర హైవే మీదికి నీళ్ళెక్కిన ఏడాది జరిగిన సంగతి ఇది. ఆ వానలకు రెండు నెలల ముందు మోహన్‌కుమార్ ఇంటికి కొత్త కారు వచ్చింది. కొత్తదంటే ఆ ఇంటికి కొత్త. బెంగళూరులో ఒక డాక్టరు మూడేళ్ళు వాడి అమ్మిన బండి. నల్లగా, నున్నగా ఉండేది. వాకిట్లో నిలబెడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవారు.

మోహన్‌కుమార్‌ది బాగేపల్లిలో శనక్కాయల మండీ. అతని డ్రైవరు పిళ్ళప్ప. ఇరవై ఏడేళ్ళు హైవే మీద లారీ తోలి, నడుము పట్టేశాక ఈ ఇంట్లో చేరాడు. వయసు యాభై ఎనిమిది. పది మాటలు అడిగితే ఒకదానికి జవాబు చెప్పే మనిషి. ఆ తక్కువ మాటల వెనక ఒక సంగతి దాచుకున్నాడు. అతనికి చదవడం రాదు. మూడో తరగతితో బడి మానేశాడు. అంకెలు నిలిచాయి, అక్షరాలు పోయాయి. లారీ తోలినన్నాళ్ళు ఒకటే దారి కాబట్టి గడిచిపోయింది. ఈ ఇంట్లో చేరిన రోజు మోహన్‌కుమార్, "చదివేది, రాసేది వస్తాదా పిళ్ళప్పా?" అని అడిగితే, "ఆ" అన్నాడు. ఆ ఒక్క "ఆ" మీద నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు. ఈ వయసులో ఆ పని పోతే ఇంకెవరూ పిలిచి బండి ఇవ్వరని అతనికి తెలుసు.

పాత బండిలో మోహన్‌కుమార్ తమ్ముడు కిశోర్ దారి చూపే పెట్టె ఒకటి తెచ్చి అద్దానికి అంటించాడు. వేలితో తాకితే అక్షరాలు పడతాయి. పిళ్ళప్ప బొటనవేలు లారీ జాకీలు తిప్పి తిప్పి మొద్దుబారిన వేలు. ఒకటి తాకితే రెండు పడేవి. గుంతలో బండి ఎగిరితే వేలు ఇంకెక్కడో పడేది. కిశోర్ పగలబడి నవ్వేవాడు.

"పిళ్ళప్పా, నీ వేలికి పెట్టె కాదు, బ్లాక్‌బోర్డు కావల్ల!"

పిళ్ళప్ప నవ్వేవాడు కాదు. వేలు మందం అని వాళ్ళనుకోవడమే మేలని ఊరుకునేవాడు.

కొత్త కారులో తాకే పని లేదు. రెండు సీట్ల నడుమ, గేరు పక్కన, నిమ్మకాయంత నాబు ఉంది. తిప్పితే తెర మీద వరుసలు కదులుతాయి, నొక్కితే ఒప్పుకుంటుంది. కారు ఇంటికొచ్చిన రోజే మోహన్‌కుమార్ తేల్చి చెప్పాడు.

"చూడు పిళ్ళప్పా, ఇంత పెట్టి తెచ్చినాక దారి నేను చదివి చెప్పేది కాదు. దీపావళి లోపల దీన్ని నేర్చుకో. కాలేదంటే బెంగళూరునుంచి ఒక డ్రైవర్ని పిలిపిస్తా. నువ్వు తప్పుగా అనుకోవద్దు."

"ఆ" అన్నాడు పిళ్ళప్ప.

మరునాడు మోహన్‌కుమార్ భార్య అంబికను మండీ దగ్గరికి తీసుకెళ్తూ, "కండ్లద్దాలు ఇంట్లో మరిచినానమ్మా. దీంట్లో ఏ ఊరు యాడుండాదో చదువు, నేను తిప్పుతా" అన్నాడు. ముందురోజు కిశోర్ అందులో చేర్చిన ఊళ్ళను ఆమె పైనుంచి చదువుకుంటూ పోయింది. ఇల్లు. మండీ. చిక్కబళ్ళాపురం బ్యాంకు. చిక్కబళ్ళాపురం నర్సింగ్ హోము. అన్నిటికంటే చివర చింతామణిలో ఆమె పుట్టిల్లు. పిళ్ళప్ప కళ్ళు తెర మీద ఉన్నాయేగాని మనసు వేళ్ళలో ఉంది. ఒక్కో ఊరికి నాబు వేళ్ళ కింద టక్కుమని ఆగి కదిలేది. మండీకి ఒక టక్కు. బ్యాంకుకు రెండు. నర్సింగ్ హోముకు మూడు. చింతామణికి లెక్కే అక్కర్లేదు. చివరికంటా తిప్పితే నాబు ఇక తిరగనని మొండికేస్తుంది, అప్పుడు నొక్కాలి.

వారం రోజులు వాకిట్లో బండి కడిగే వంకతో లోపల కూర్చుని చెయ్యి అలవాటు చేసుకున్నాడు. రెండో వారానికి గేరు మార్చినంత సులువుగా నాబు తిప్పేవాడు. ఒక రోజు పేరేసంద్ర దగ్గర కిశోర్ పందెం వేశాడు. వెనక సీట్లో తన పెట్టె పట్టుకుని, "చింతామణి! ఎవరు ముందు పెడ్తారో చూస్తాం!" అని అరిచాడు. కిశోర్ వేలు మూడో అక్షరం మీద ఉండగానే కారు ఇంగ్లీషులో దారి చెప్పడం మొదలుపెట్టింది.

"అన్నా, చూసినావా? రోడ్డు మీదినుంచి కన్ను తిప్పకుండా పెట్టేసినాడు!"

"దానికే నాబు పెట్టుండేది రా. నీ పెట్టె ఆటసామాను" అన్నాడు మోహన్‌కుమార్, పిళ్ళప్ప భుజం తట్టి. "బెంగళూరు డ్రైవరు మనకేమీ వద్దులే."

తెర వంక చూసినా తనకు ఒరిగేదేమీ లేదని పిళ్ళప్పకు ఒక్కడికే తెలుసు. అయినా ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మోహన్‌కుమార్ తమ్ముడితో బెంగళూరులో ఉండగా, కానుపుకు పుట్టింటికొచ్చిన అతని చెల్లెలు నమ్రతకు నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో తల్లి అంబుజమ్మ తప్ప ఎవరూ లేరు. ఇద్దర్నీ ఎక్కించుకుని పిళ్ళప్ప చిక్కబళ్ళాపురం నర్సింగ్ హోముకు బయల్దేరాడు. ఊరు దాటగానే పోలీసులు ఆపారు. హైవే మీద మోకాళ్ళ లోతు నీళ్ళు.

పిళ్ళప్ప మోహన్‌కుమార్‌కు ఫోను చేశాడు. "లోపలి రోడ్డు పట్టుకుని చింతామణికి పో పిళ్ళప్పా. మా మామగారింటి పక్కనే ఆస్పత్రి. నేను డాక్టరమ్మకు ఫోన్ చేస్తా. నాబులో పెట్టు, అది చూపించిన దారిన పో. నీ చేతిలో ఉండాది."

పోలీసాయన కూడా చెప్పాడు. "సుమారు యాభై కిలోమీటర్లయితాదప్పా. మెల్లగా పో."

పిళ్ళప్ప ఎప్పుడు చింతామణికి పోయినా హైవే మీద చిక్కబళ్ళాపురం చేరి, అక్కణ్ణుంచి పోవడమే. ఈ లోపలి రోడ్డు అతను తోలింది కాదు. నాబు చివరికంటా తిప్పాడు. మొండికేసిన చోట నొక్కాడు. కారు దారి చెప్పింది. లెఫ్టు, రైటు అన్న మాటలు అతనికి తెలుసు, అవి చాలు.

వాన అద్దం మీద కుమ్మరిస్తోంది. వెనక నమ్రత పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. అంబుజమ్మ కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది.

"సరిగ్గానే పోతాండామా అప్పా?"

"ఆ."

ఒక చోట రోడ్డు రెండుగా చీలింది. మూలన రాయి ఉంది, దాని మీద కన్నడంలో ఊళ్ళ పేర్లు. కారు రైటంది. పిళ్ళప్ప రైటుకు తిప్పాడు. రోడ్డు సన్నబడుతూ పోయింది. ఒక్క బస్సు ఎదురు రాలేదు. దారిలో కనబడ్డ నాలుగు ఇళ్ళకూ తలుపులు మూసి ఉన్నాయి. ఫోను తీసి చూస్తే సిగ్నలు గీతలు ఒక్కటీ లేవు.

అప్పుడు, తోలేటప్పుడు ఎన్నడూ లేనిది, తెర వంక చూశాడు. అక్షరాల కింద ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో చూపే అంకె ఉంది. పదకొండు.

అంకెలు అతనికి వస్తాయి. ఊరు వదిలి పన్నెండు కిలోమీటర్లు వచ్చారు. ఇంకా నలభై దాకా ఉండాలి. ఇంత కొంచెంలో చింతామణి ఎక్కణ్ణుంచి వచ్చింది? మళ్ళీ చూశాడు. అంకె పదికి తగ్గింది. కారు వాళ్ళను ఇంకేదో ఊరికి తీసుకుపోతోంది.

ఇంకో మలుపు తిరిగేసరికి రోడ్డు పల్లంలోకి దిగింది. అక్కడ వాగు పొంగి మోరీ మీద ఎర్రటి నీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. ఒక తుమ్మ కొమ్మ కళ్ళముందే కొట్టుకుపోయింది. పిళ్ళప్ప బ్రేకు తొక్కాడు. కారు మాత్రం నేరుగా పొమ్మంది.

"ఏమైందప్పా? ఏల నిలిపితివి?" అంబుజమ్మ గొంతు పైకి లేచింది.

మంచి సాకు ఎదురుగానే పారుతోంది. నీళ్ళున్నాయమ్మా, వెనక్కి తిప్పుతాండా అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. పని నిలుస్తుంది. కాని వెనక్కి తిప్పి ఎటు పోవాలి? చీలికలో రాయి ఉన్నా తనకు ఉండీ లేనట్టే. ఎడమ రోడ్డు ఇంకో వాగులో దించితే? వెనకనుంచి నమ్రత అరుపు వచ్చింది. ఈసారి పళ్ళు బిగబట్టలేకపోయింది. నొప్పికీ నొప్పికీ నడుమ ఎడం సగానికి పడిపోయింది.

పిళ్ళప్ప ఇంజను ఆపలేదు. వెనక్కి తిరిగాడు.

"నమ్రతమ్మా, నాకు చదివేదానికి రాదు."

వానచప్పుడులో మాట వినబడలేదేమో అనుకుని మళ్ళీ అన్నాడు. "అచ్చరాలు రావు తల్లీ నాకు. టక్కులు లెక్కబెట్టి తిప్పుతాండా ఇన్నాళ్ళూ. ఇది చింతామణి కాదు. దీంట్లో ఏముండాదో నువ్వు చూసి చెప్పు."

అంబుజమ్మ నోరు తెరిచింది. "ఏమంటివి? నాలుగేండ్లప్పా! నా బిడ్డల్నంతా నీ చేతిలో పెట్టి పంపిస్తిమి కదా! ఎంత గుండె నీకు!"

"అమ్మా, ఊరికే ఉండు" అంది నమ్రత. ఒక మోచేతి మీద లేచింది. ముందుకు వంగి తెరను అందుకోవడం ఆమెవల్ల కాలేదు. నుదుటి చెమట తుడుచుకుని కళ్ళు చికిలించింది. "సాదలి. సాదలి అని ఉండాది పిళ్ళప్పా. నిన్న సాయంత్రం నువ్వు ఇంటికి పోయినాక పెద్దన్న తానే తోలుకుని సాదలికి పోయొచ్చినాడు. అది చివర చేర్చినట్టుండాడు."

"ఇప్పుడు ఎట్ల తిప్పేది చెప్పు."

"ఊళ్ళ వరస తెప్పించు. ఆ, వచ్చింది. కిందికి పో. ఇంకా కిందికి. ఆగు, ఎక్కువైంది... అమ్మా!" నొప్పి వచ్చి మాట తెగిపోయింది. పిళ్ళప్ప చెయ్యి నాబు మీదే ఉంది. ఆమె ఊపిరి తిరిగేదాకా వేలు కదపలేదు.

"ఒకటి వెనక్కి."

టక్కుమంది.

"అదే. చింతామణి. నొక్కు."

నొక్కాడు. అంకె నలభై నాలుగుకు లేచింది. ఆ అంకె చూశాక గాని ఊపిరి పీల్చుకోలేదు. ఇరుకు రోడ్డు మీద రెండు పక్కలా బురద. ముందుకు జానెడు, వెనక్కి జానెడు పోనిస్తూ ఆరుసార్లలో కారు తిప్పాడు. ఒకసారి వెనక చక్రం జారి గుంతవైపు ఒరిగింది. అంబుజమ్మ దేవుణ్ణి పిలిచింది. పిళ్ళప్ప ఎవర్నీ పిలవలేదు, స్టీరింగు కొద్దిగా వదిలి పట్టాడు, చక్రం గట్టి నేల అందుకుంది.

చీలిక దగ్గరికి రాగానే నమ్రత అడక్కుండానే రాయి చదివింది. "ఎడమకు. చింతామణి." ఆ తర్వాత ప్రతి మలుపులో కారు ఒకసారి చెప్పేది, నమ్రత ఒకసారి చెప్పేది. మాట రానప్పుడు అతని భుజం మీద చెయ్యి వేసి ఎడమకో కుడికో నొక్కేది. అంబుజమ్మ కూతురి వీపు నిమురుతూ కూర్చుంది.

కెంచార్లహళ్ళి దాటేసరికి వాన సన్నబడింది. చింతామణిలో ఆస్పత్రి మెట్ల ముందు డాక్టరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. స్ట్రెచరు మీదికి మారుతూ నమ్రత ఏదో చెప్పబోయింది. తలుపు మూసేశారు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, గొంతు మాత్రం గట్టిది. వాకిట్లో కారులో కూర్చున్న పిళ్ళప్పకు కూడా ఆ ఏడుపు వినబడింది. లోపలికి పోలేదు.

మోహన్‌కుమార్, కిశోర్ టాక్సీలో వచ్చి చేరారు. మోహన్‌కుమార్ నేరుగా కారు దగ్గరికొచ్చి పిళ్ళప్ప చేతులు పట్టుకున్నాడు. "నువ్వు కాబట్టి తెచ్చినావప్పా. ఇంకొకడైతే ఆ వానలో దారి తప్పిపోయుండేవాడు." అతని వెనక మెట్ల మీద అంబుజమ్మ నిలబడి ఉంది. పిళ్ళప్ప ఆమె ముఖం వంక చూశాడు. ఆమె తల తిప్పుకుని లోపలికి పోయింది. చెప్పలేదు. నమ్రత కూడా చెప్పదని అతనికి అర్థమైంది. ఊరుకుంటే ఇక ఎవరూ చెప్పరు.

మరునాడు పొద్దున్నే కారుకంటిన బురదంతా కడిగాడు. ఆస్పత్రి ఎదురుగా హోటల్లో అన్నదమ్ములు కాఫీ తాగుతున్న చోటికి పోయి బల్ల మీద తాళం పెట్టాడు.

"దారి తప్పినానప్పా నిన్న. సాదలి రోడ్డున పోయి వాగు ముందర నిలిపినాను. నాకు చదువు రాదు. చేరిన దినం నీకు అబద్దం చెప్పినాను. నమ్రతమ్మ చదివి చెప్తేనే వచ్చి చేరినాము."

కిశోర్ నవ్వబోయి ఆగిపోయాడు. మోహన్‌కుమార్ కాఫీ లోటా బల్ల మీద పెట్టాడు.

"నాలుగేండ్లా?"

"నాలుగేండ్లు."

"కారు కిశోర్ తెస్తాడు. నువ్వు బస్సుకు ఊరికి పో. నేను ఆలోచన చేసుకోవల్ల. ఫోన్ చేస్తా."

పిళ్ళప్ప చింతామణి బస్టాండుకు నడిచిపోయాడు. బోర్డులు పెట్టుకుని అయిదారు బస్సులు నిలబడి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఇలాంటి చోట ఒక స్తంభానికి ఆనుకుని, కండక్టరు ఊరి పేరు అరిచేదాకా కాచుకునేవాడు, ఎంతసేపైనా. ఈసారి నేరుగా, పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి దగ్గరికి పోయాడు.

"అమ్మా, నాకు చదువు రాదు. బాగేపల్లి బస్సు ఏదో చూసి చెప్తావా?"

ఆమె లేచి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని బోర్డులన్నీ చదివి, మూడో బస్సు చూపించింది. పిళ్ళప్ప పోయి ఎక్కాడు.